తనదేదో తెలిసిన మనిషి

హైదరాబాదులో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అనగానే పిల్లల కన్నులు మెరుస్తాయి. అక్కడికి వెళ్లివచ్చిన కుర్రవాడు మేడల సంగతి చెబుతాడు, కార్ల సంగతి చెబుతాడు, స్టూడియో గేటు దగ్గర గంటలకొద్దీ నిలబడి ఏ నటుని చూచినాడో, ఎవరిని చూడలేకపోయినాడో చెబుతాడు. ఆ గుట్టలపై మేడలకు ముందు ఉన్నవి బండరాళ్లని అతనికి చెప్పేవారు అరుదు. ఇంటి పెద్దలు కూడ సినిమా పేరెత్తితే మందలించి ఊరకుంటారు గాని, ఆ రాళ్లపై కాలు నిలద్రొక్కుకొన్నవారి బ్రతుకులో పిల్లలకు చెప్పదగినది ఏమైనా కలదా అని విచారించరు. చూడగలిగితే కలదు.

కల్యాణపట్టణపు ఆయదక్కి మారయ్య కథ మన ఇండ్లలో తెలియనిది కాదు. నేలపై రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చుట అతని కాయకం. ఒకనాడు అతడు అవసరానికి మించిన బియ్యం తెచ్చినపుడు, ఎక్కువైనవాటిని ఎక్కడివి అక్కడ పోసి రమ్మని భార్య లక్కమ్మ అతనిని వెనుకకు పంపినది. ఈ కథను సాధారణంగా సంతృప్తికి ఉదాహరణగా చెబుతారు. దీనిలో మరొక అర్థం కూడ ఉన్నది. తనది ఎంతవరకో తెలిసియుండుట. బియ్యం విషయంలో అది కష్టం కాదు, దోసిలి చూచుకొంటే చాలు. చదువు, పేరు, ప్రజ్ఞ, భక్తి వంటివి వచ్చేసరికి మాత్రం ఎవరి దోసిలి వారికి చెరువంతగా కనబడుతుంది.

తన దోసిలిని ఉన్నంతగానే చూచుకొన్నవారిలో నటుడు అక్కినేని నాగేశ్వరరావు ఒకరు. ఆయన 1924 సెప్టెంబరు 20న కృష్ణాజిల్లా రామాపురంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించినారు. చదువు ప్రాథమిక దశలోనే ఆగిపోయినది. స్త్రీలు రంగస్థలం ఎక్కుట అరుదైన ఆ రోజులలో నాటకాలలో స్త్రీవేషాలు ధరించి పేరు తెచ్చుకొన్నారు. 1941లో ‘ధర్మపత్ని’ అనే చిత్రంలో ఒక చిన్న వేషం దొరికినది. ఆ వేషం ఆయనను ఎక్కడికీ చేర్చలేదు. మరల నాటకాలే గతి అయినవి. కొంతకాలానికి విజయవాడ రైల్వేస్టేషనులో దర్శకుడు ఘంటసాల బలరామయ్య కంటబడుట, 1944లో ‘శ్రీ సీతారామ జననం’లో శ్రీరాముడగుట అందరూ చెప్పుకొనే కథ. అందులో అదృష్టం పాలు లేదనలేము. అయితే రైల్వేస్టేషనులో పెద్దల కంటబడినవారందరూ డెబ్బది ఏండ్లు నిలువలేదు.

తొలి చిత్రాలలో ఆయన తన పాటలు తానే పాడుకొన్నారు. అప్పటి పద్ధతి అది. 1948లో వచ్చిన ‘బాలరాజు’లో గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు ఆయనకు గొంతునిచ్చినారు. (ఈ ఘంటసాల వేరు, పైన చెప్పిన బలరామయ్య వేరు.) పాడలేని నటునికి పాడగలవాని గొంతు వచ్చి చేరితే రెండు దారులుంటాయి. ఆ గొంతు తనదేనని లోకాన్ని నమ్మనిచ్చుట ఒకటి. అది ఇంకొకరిదని తెలిసి, దానికి తగినట్లు తన ముఖాన్ని, పెదవిని, ఊపిరిని తీర్చుకొనుట రెండవది. అక్కినేని రెండవదారి పట్టినారు. ఆ గొంతుకు ఆ ముఖం ఎంతగా అమరినదంటే, చూచేవారికి వేరుచేయుట సాధ్యం కాలేదు. తనకు గొప్ప రూపం గాని, గొప్ప గొంతు గాని లేవని చెప్పుకొనుటకు మాత్రం ఆయన సంకోచింపలేదు.

1953లో వచ్చిన ‘దేవదాసు’ను తీయదలచినపుడు, అంతవరకు జానపద కథానాయకుడుగా కత్తి త్రిప్పిన ఈ మనిషి శరత్‌బాబు సృష్టించిన ఆ పాత్రకు తగునా అని సందేహించినవారు పలువురు. ఆ మాటలకు ఆయన మాటలతో సమాధానం చెప్పలేదు. త్రాగుబోతు కన్నుల కోసం త్రాగనూలేదు. కడుపునిండ పెరుగన్నం తిని, రాత్రివేళ నిద్రమత్తుతో బరువెక్కిన రెప్పలతో కెమెరా ముందు నిలిచినారన్న ముచ్చట చిత్రసీమలో ప్రసిద్ధం. పెరుగన్నం తిన్న కన్నులను చూచి ఆంధ్రదేశమంతా కన్నీరు పెట్టుకొన్నది.

ఇక్కడ ఆగి ఒక సంగతి గమనింపవలసి ఉన్నది. అపజయం మనిషిని పడగొడుతుందని అందరికీ తెలుసు. జయం మనిషిని కట్టివేస్తుందని తెలిసినవారు తక్కువ. ‘దేవదాసు’ తరువాత ఆయన ఇంటిముందు వరుస కట్టినవి విషాదపాత్రలే. అవి అంగీకరిస్తే డబ్బు నిశ్చయం. అయినను 1955లో విజయావారి ‘మిస్సమ్మ’లో, ఎన్.టి. రామారావు కథానాయకుడుగా ఉండగా, తాను నవ్వులపాలయ్యే డిటెక్టివు వేషాన్ని కోరి వేసినారు. అప్పటికే అగ్రశ్రేణికి చేరిన నటుడు రెండవ పాత్రకు దిగుట చిన్నతనమని అనుకొన్నవారు లేకపోలేదు. ఆ చిన్నతనమే ఆయనను ఒకే ముద్రలో బిగిసిపోకుండ కాపాడినది.

అపజయం మాటకు వస్తే, ఆయన తెలిసి తెలిసి కొనితెచ్చుకొన్నది ఒకటి కలదు. 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ విజయం తరువాత దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు, ఆయన కలిసి చక్రవర్తి చిత్ర అనే సంస్థను నెలకొల్పినారు. ప్రజాదరణ వలన గడించినదానిలో కొంత ప్రజలకు పనికివచ్చే చిత్రాలకు వెచ్చింపవలెనన్నది వారి తలపు. 1967లో ‘సుడిగుండాలు’ తీసినారు. దారితప్పిన యువకుల నేరం, ఆ నేరంలో పెద్దల పాలు అందులోని విషయం. జాతీయస్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రంగా బహుమతి వచ్చినది, డబ్బు రాలేదు. ఒకసారి చేయి కాలినవాడు రెండవసారి నిప్పు దగ్గరకు పోడని లోకోక్తి. వారు పోయినారు. 1970లో ‘మరో ప్రపంచం’ తీసినారు. దానికీ డబ్బు రాలేదు. ఆ తరువాత ఆపినారు. నష్టాన్ని త్యాగమని చాటుకొనకుండ తిరిగి తమ పనిలో పడినారు. శక్తి ఉన్నంతవరకు ఇచ్చుట, లేనపుడు ఆగుట, ఈ రెండూ నిజాయితీలోనివే. అప్పు చేసి దాసోహం చేయుమని ఏ పెద్దలూ చెప్పలేదు.

ఆ రోజులలోనే మరొకరు అంచుమీద నిలిచి ఉన్నారు. కారంచేడు రైతుకుటుంబం నుండి వచ్చిన డి. రామానాయుడు భాగస్వామిగా చేరిన తొలిచిత్రం ‘అనురాగం’ కలిసిరాలేదు. 1964లో ‘రాముడు-భీముడు’ నిలబెట్టినది. తరువాత వరుసగా తీసినవాటిలో నష్టాలు పేరుకొన్నవి. ఇది కూడ పోతే ఊరికి మరలి వ్యవసాయం చేసికొందునని నిశ్చయించుకొని, 1971లో అక్కినేని కథానాయకుడుగా ‘ప్రేమ్‌నగర్’ తీసినారు. ఆ చిత్రం గెలిచినది. పిల్లలకు చెప్పేటపుడు ఆ గెలుపుకంటె, దానికి ముందటి నిశ్చయాన్ని చెప్పుట మేలు. తిరిగి నాగలి పట్టుట ఆయనకు అవమానంగా తోచలేదు. వెనుకకు పోవుటకు సిగ్గుపడనివాడే ముందుకు ధైర్యంగా పోగలడు. తరువాతి కాలంలో ఫిల్మ్‌నగర్ గుట్టపై ఆయన పేర స్టూడియో లేచినది.

1974లో అక్కినేని హృద్రోగం వలన అమెరికాలో శస్త్రచికిత్స చేయించుకొన్నారు. అప్పటికి యాబదేండ్లు. కథానాయకుని పని ఇక చాలించుకొమ్మని చెప్పుటకు ఇంతకంటె తగిన సమయం లేదు. తెలుగు చిత్రాలకు కావలసిన ఫ్లోర్లు, లాబొరేటరీలు, పనివారు చాలవరకు మద్రాసులోనే ఉన్నారు. ఆయన మాత్రం 1960వ దశకంలోనే కాపురాన్ని హైదరాబాదుకు మార్చి, తెలుగు చిత్రం తెలుగునేలపై తయారు కావలెనని పట్టుబట్టినవారు. అమీర్‌పేటలోని సారథీ స్టూడియో వంటివి ఒకటి రెండు తప్ప ఇక్కడ వేరే ఆధారం లేదు. పట్టు తనదైనపుడు దాని బరువు కూడ తనదేనని ఎంచినారు కాబోలు, జూబ్లీహిల్స్‌లో దాదాపు 22 ఎకరాల రాతినేలను చదును చేయించి, 1976 జనవరిలో అన్నపూర్ణ స్టూడియోను ఆరంభించినారు. శస్త్రచికిత్సకు, ఆరంభానికి నడుమ రెండేండ్లైనా నిండలేదు.

ఈ పత్రిక చదివే కుటుంబాలలో కొందరికి ఒక అభ్యంతరం కలుగవచ్చును. ‘విప్రనారాయణ’, ‘భక్త తుకారాం’ చిత్రాలలో చూపరులను భక్తిలో ముంచిన ఆ నటుడు తాను దేవుని నమ్మనని బాహాటంగా చెప్పినవాడు గదా, అతని కథ మనకెందుకని. ఎందుకంటే, నమ్మినట్లు నటించుట ఆయనకు మిక్కిలి లాభకరమైన పని. నొసట విభూతి పెట్టుకొని సభలలో నాలుగు మాటలు చెబితే జనం పాదాలకు మ్రొక్కియుండేవారు. తెరపై వేషం కట్టుట ఆయన వృత్తి. తెర దిగిన తరువాత లేని భక్తిని కట్టలేదు. ఉన్న భక్తిని మూడింతలు చేసి చూపుకొనే మనకు ఇది కొంచెం ఇబ్బంది కలిగించే పోలికే. చదువు విషయంలోనూ అంతే. తాను చదువుకొనలేదన్న సంగతి ఆయన దాచలేదు. చదువుకొనేవారికి చేయూతనిచ్చినారు. గుడివాడలోని కళాశాల ఈనాటికీ ఆయన పేరనే నడుస్తున్నది.

1990వ సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం, 2011లో పద్మవిభూషణ్ వచ్చినవి. వాటిని గురించి విస్తరించి చెప్పనక్కరలేదు.

1981లో వచ్చిన ‘ప్రేమాభిషేకం’లో ఆయన కేన్సరు సోకిన యువకుడుగా నటించినారు. 2013 అక్టోబరులో ఆ వ్యాధి తనకు నిజంగానే సోకినదని పత్రికలవారిని పిలిచి తానే చెప్పినారు. పుకారు పుట్టకముందే నిజం చెప్పుట, ఎనుబదితొమ్మిదేండ్ల వయస్సులో కూడ ఆయన విడువని అలవాటు. అప్పటికి కుమారుడు, మనుమడు కూడ నటించిన ‘మనం’ చిత్రంలో ఆయన భాగం పూర్తయినది గాని, సంభాషణలను మరల పలికి రికార్డు చేయించే పని మిగిలిపోయినది. తన పాత్రకు మరొకరు గొంతు అనుకరించి పలుకుట ఆయనకు ఇష్టం లేదు. పాట ఘంటసాలదని ఒప్పుకొన్న మనిషికి మాట మాత్రం తనదే. ఇంటిలో మంచం దగ్గరకే యంత్రాలు తెప్పించుకొని, మాట కూడదీసికొంటూ ఆ పని ముగించినారు. 2014 జనవరి 22న కన్ను మూసినారు. నాలుగు నెలలకు, మే 23న చిత్రం విడుదలైనది. అందులో వినిపించేది ఆయన గొంతే.