నిర్జన తీరంలో ఒక పగలు

యాత్ర అంటే దూరాలను దాటడం మాత్రమే కాదు. కంటికి కనిపించే దృశ్యం వెనుక దాగిన మానవ గాథను తెలుసుకొనడం కూడా. స్కాట్లాండ్ దేశపు ఉత్తర తీరం ఈ సత్యాన్ని చక్కగా బోధిస్తుంది. పడమట డర్‌నెస్ గ్రామం నుండి తూర్పున డనెట్ హెడ్ అగ్రం వరకు సుమారు 140 కిలోమీటర్ల దారి. కారులో అది ఒక పగటి ప్రయాణం.

జూన్ మాసంలో ఇక్కడ రాత్రి పది గంటలైనా వెలుగు ఉంటుంది. డర్‌నెస్ సమీపాన స్మూ గుహ ఉంది. సముద్రపు అలలు, ఒక వాగు కలిసి సున్నపురాతిని తొలిచిన గుహ అది. దాని లోపల, పైకప్పు రంధ్రం నుండి వాగునీరు జలపాతమై దుముకుతుంది.

అటుపైన దారి చాలవరకు ఒకే వాహనం పట్టేంత ఇరుకు. ఎదురుగా బండి వస్తే తప్పుకొనడానికి అక్కడక్కడ రోడ్డును వెడల్పు చేశారు. ఎరిబోల్ అనే సముద్రపు పాయను ఈ దారి చుట్టివస్తుంది. 1945 మే నెలలో అనేక జర్మన్ జలాంతర్గాములు లొంగిపోయినది ఈ ప్రశాంత జలాలలోనే. మరికొంత దూరం పోగా, టంగ్ వద్ద 1971లో ప్రారంభమైన సేతుమార్గం మరొక పాయను దాటిస్తుంది. దక్షిణాన 764 మీటర్ల బెన్ లాయల్ పర్వతం కనువిందు చేస్తుంది.

కొండలు, పచ్చికబయళ్ళు, గొర్రెల మందలు కనిపిస్తాయి గాని మనుషులు అరుదు. ఈ ఏకాంతమే యాత్రికులను ఆకర్షిస్తుంది. అయితే ఇదంతా ప్రకృతి సృష్టించిన ఏకాంతం కాదు. బెటీహిల్ వద్ద సముద్రాన్ని చేరే నేవర్ నది లోయలో ఒకప్పుడు గేలిక్ భాష మాట్లాడే రైతు కుటుంబాలు నివసించేవి. కౌలుకంటె గొర్రెల పెంపకం లాభసాటి అని భూస్వాములు తలచారు. 1814, 1819 సంవత్సరాలలో ఆ కుటుంబాలను వెళ్ళగొట్టారు. తిరిగి రాకుండా ఇళ్ళ కప్పులను తగులబెట్టారు. ఈ పనికి ఆధ్వర్యం వహించిన ప్యాట్రిక్ సెల్లర్‌పై 1816లో విచారణ జరిగింది. అతడు నిర్దోషిగా విడుదలయ్యాడు.

నిర్వాసితులలో కొందరు కెనడాకు వలసపోయారు. మిగిలినవారికి తీరాన రాతినేల దక్కింది. నాగలి పట్టిన చేతులు వల పట్టడం నేర్చుకొన్నాయి. వారిలో కొందరు స్థిరపడిన బెటీహిల్ గ్రామానికి ఆ ఎస్టేటు యజమానురాలైన ఎలిజబెత్ పేరే పెట్టడం చరిత్రలోని వైచిత్రి!

సాయంకాలానికి డనెట్ హెడ్ చేరవచ్చు. బ్రిటన్ ప్రధాన భూభాగానికి ఇదే ఉత్తరపు కొస. 1831లో వెలిగిన దీపస్తంభం ఇక్కడ నిలిచి ఉంది. ఎదుట ఆర్క్‌నీ దీవులు కనిపిస్తాయి. ఆ అందాన్ని తనివితీర చూడవలసిందే. కాని దారిలో వదిలివచ్చిన మొండిగోడలను మరచిన చూపు సగం చూపే అవుతుంది.

ప్రశ్నలు
1. నేవర్ నది లోయ నిర్జనం కావడానికి కారణాలను వివరించండి.
2. ‘సగం చూపే అవుతుంది’ అనడంలోని ఆంతర్యమేమి?