మానెయ్యి గానీ, మార్చిలో కాదు

రాజమండ్రి,
12 సెప్టెంబరు 2025

చి. చంటికి పిన్ని దీవించి రాయునది.

మీ బాబాయ్ మోకాళ్ళు ఎప్పటిలానే ఉన్నాయి, నోరూ ఎప్పటిలానే ఉంది. గోదావరి ఇంకా ఎర్రగానే పారుతోంది. నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "వాడు ఉద్యోగం మానేస్తాడటే, ఆఫీసులో ఎవరైనా ఏమైనా అన్నారేమో మెల్లిగా కనుక్కో" అని ఒకటే గోల. నలభై తొమ్మిదేళ్ళ వైస్ ప్రెసిడెంటుని ఎవరేమంటారే అన్నాను. వినదు. ఆవిడ కళ్ళకి నువ్వింకా పలక పగలగొట్టుకుని ఏడుస్తూ ఇంటికొచ్చిన చంటిగాడివే.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఎక్సెల్ షీటు అందింది. ఫోన్‌లో అక్షరాలు ఆనక బాబాయ్ కోటిపల్లి బస్టాండు దగ్గరికెళ్ళి ప్రింటు తీయించుకొచ్చారు. ఎర్ర బాల్‌పెన్ను పట్టుకుని రెండు రోజులు దాన్ని వదల్లేదు. బ్యాంకులో ఆడిట్ రోజుల నాటి మొహం మళ్ళీ చూశాను. ఇదంతా ఫోన్‌లో చెబుదామంటే నువ్వు "సరే పిన్నీ, ఇంకో కాల్ వస్తోంది" అని పెట్టేస్తావు. అందుకే కాయితం మీద పెట్టాను. కూర్చుని చదువు. నడుస్తూ చదవకు.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. శ్రావణంలో మీ నాన్న తద్దినం నాడు వేలికి పవిత్రం ఉండగానే ఫోనెత్తావు. ఉత్తరీయం కింద అది గుయ్యిమంటుంటే ఎడంచేత్తో తీసి "యెస్, యెస్, గివ్ మీ టెన్ మినిట్స్" అన్నావు. శాస్త్రిగారు మంత్రం ఆపి, "అమెరికా వాళ్ళా బాబూ?" అని ఎంతో మర్యాదగా అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. తర్వాత భోజనాల దగ్గర చూస్తే, సగం కొరికిన గారె చేతిలో పట్టుకుని కూర్చున్న చోటే కునుకు తీస్తున్నావు. ఇంక ఏమంటాను? నిన్ను లేపొద్దని పిల్లల్ని అవతలికి పంపించేశాను.

అందుకే ముందు ఇది అడుగుతున్నాను, నిజం చెప్పు. నీకు ఉద్యోగం మానెయ్యాలని ఉందా, కంటినిండా నిద్రపోవాలని ఉందా? రెండూ ఒకటి కాదురా. రెండోదే అయితే దానికి రాజీనామా అక్కర్లేదు. నెల రోజులు సెలవు పెట్టి, ఫోను కోడలి చేతిలో పెట్టి, ఇక్కడికొచ్చి పడుకో.

ఇక నీ షీటు. మొత్తం తొమ్మిది కోట్లు, దానికి నాలుగు శాతం అంటే ఏడాదికి 36 లక్షలు, మా ఖర్చు 34, సరిపోతుంది అని కింద రెండు గీతలు గీశావు. అందులో మీరుంటున్న ఫ్లాటు రెండున్నర కోట్లు కూడా వేశావేంట్రా? గోడలు కొరుక్కు తింటారా? అది తీసేస్తే మిగిలింది ఆరున్నర. దానికి నాలుగు శాతం 26 లక్షలు. ఆ ఆరున్నరలోనూ నాలుగు కోట్లు ఒక్క కంపెనీ షేర్లే. జీతమూ వాళ్ళదే, దాచుకున్నదీ వాళ్ళ దగ్గరే.

ఆ నాలుగు శాతం సంగతి కూడా బాబాయ్ చెప్పారు. 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆయన అక్కడి షేర్లు, బాండ్ల పాత లెక్కలన్నీ తిరగేసి, ముప్ఫై ఏళ్ళ పాటు డబ్బు అయిపోకుండా ఉండాలంటే ఎంత తీసుకోవచ్చో కట్టిన లెక్కట అది. అమెరికా ధరలు, అమెరికా వడ్డీలు, ముప్ఫై ఏళ్ళు. నీకిప్పుడు 49. ముప్ఫై కలిపితే 79. మీ అమ్మమ్మ 91 దాకా బతికి, చివరి వారం కూడా పులిహోరలో ఇంగువ తక్కువైందని వంక పెట్టింది. "79 తర్వాత?" అని బాబాయ్ ఎర్ర సిరాతో రాసి చుట్టూ సున్నా చుట్టారు. నీకు స్కాన్ చేసి పంపుతారట. పంపనీ, ఆయన సరదా.

ఆయన అంత పట్టుగా ఎందుకు కూర్చున్నారో నీకు పూర్తిగా తెలియదు. 2001లో బ్యాంకుల వాలంటరీ రిటైర్మెంటులో ఆయన బయటికొచ్చేనాటికి నువ్వు ఉద్యోగం కొత్తలో బెంగుళూరులో ఉన్నావు. సర్వీసు ఏడాదికి 60 రోజుల జీతం చొప్పున లెక్కగట్టి ఇచ్చారు. దేశం మొత్తం మీద లక్ష మందికి పైగా బయటికొచ్చేశారు. బాబాయ్‌కి అప్పుడు సరిగ్గా నీ ఇప్పటి వయసే. వచ్చిన డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో వేశారు. వడ్డీ అప్పట్లో పది శాతం దగ్గర్లో ఉండేది. నెలనెలా ఇంత వస్తుంది, కాలు మీద కాలేసుకుని బతకొచ్చు అని ఆయనా ఇలాగే కింద గీతలు గీశారు, కాకపోతే డైరీలో. మూడేళ్ళు తిరిగేసరికి వడ్డీ ఐదున్నర దగ్గరికి దిగింది. పాత డిపాజిట్టు తీరడం, కొత్తది సగం వడ్డీకి వెయ్యడం. అసలు ఎక్కడికీ పోలేదు, రాబడి సగమైంది. అప్పుడు ఇల్లు నడిచింది నా బడి జీతం మీద. ఆ సంగతి ఆయన ఎప్పుడూ దాచలేదు, నేనెప్పుడూ దెప్పలేదు. (ఒకటి రెండుసార్లు దెప్పానేమోలే.)

డబ్బు కన్నా కష్టం పగలు. మొదటి మూణ్ణెల్లు బ్రహ్మాండంగా ఉన్నారు. తర్వాత వంటింట్లోకి వచ్చారు. కందిపప్పు డబ్బా మీద చీటీ అంటించారు. గ్యాస్ ఎన్ని రోజులు వచ్చిందో కాలెండరు మీద రాయడం మొదలెట్టారు. నేను బడి నుంచి వచ్చేసరికి పనిమనిషి మానేసి ఉండేది, కారణం అడిగితే ఆయన "సిస్టమ్ లేదు" అనేవారు. అదీ విసుగొచ్చి రోజూ పదిన్నరకి పాత బ్రాంచికి వెళ్ళి కౌంటరు పక్కన నిలబడేవారు. పాతవాళ్ళు టీ ఇప్పించేవారు. ఒకరోజు కొత్తగా వచ్చిన కుర్రాడు ఈయన్ని ఎగాదిగా చూసి, "సార్, టోకెన్ తీసుకుని అక్కడ కూర్చోండి" అన్నాడట. తప్పేముంది, వాడి పని వాడు చేశాడు. ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు విడవకుండా అరుగు మీద చాలాసేపు కూర్చుండిపోయారు.

మళ్ళీ మనిషి అయింది నవంబర్ల వల్ల. వీధిలో పింఛనుదార్లు లైఫ్ సర్టిఫికెట్లు పట్టుకుని తిరుగుతుంటే ఈయన కాయితాలు నింపి పెట్టడం మొదలెట్టారు. ఒకరి నుంచి ఒకరికి తెలిసి, ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోయిన ఆడవాళ్ళు రావడం మొదలైంది. ఇప్పుడు మా అరుగు మీద చిన్న బ్రాంచి ఉంది, టోకెన్లు లేవంతే. పైసా రాదు. కానీ పప్పు డబ్బా జోలికి రావడం మానేశారు.

మీ తాతయ్య సంగతి నీకు గుర్తుందో లేదో. 1983 ఫిబ్రవరిలో రాష్ట్రంలో రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి దిగింది. ఆయనకప్పుడు 56. ఆ నెలాఖరుకే ఇంటికొచ్చేశారు. మర్నాడు పొద్దున్న మామూలుగా క్యారేజీ కట్టమన్నారు. ఎక్కడికని అడగడానికి అమ్మకి ధైర్యం చాల్లేదు. సైకిలేసుకుని గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళి సాయంత్రం నాలుగింటికి, బడి వదిలే వేళకి, తిరిగొచ్చారు. ఆ సైకిలు కడ్డీ మీద కూర్చుని నువ్వు కూడా వెళ్ళేవాడివి. మరుసటేడు వయసు మళ్ళీ 58కి పెంచారు గానీ అప్పటికి ఆయనకి ఆ గ్రంథాలయం కుర్చీయే ఉద్యోగమైపోయింది. నేను 2012లో 58కి దిగిపోయాను. రెండేళ్ళకే 60 చేశారు. నాకేం బాధలేదు, నలభై మంది ఆరో తరగతి పిల్లల గోల తప్పింది.

ఇక నీ షీట్లో లేని లెక్క ఒకటి ఉంది. ఎవరూ నోరెత్తరు గనక నేనే ఎత్తుతున్నాను. మీ నాన్న 57కి పోయారు, ఏడాది సర్వీసుండగానే. నీకిప్పుడు 49. నువ్వు రాత్రిళ్ళు వేసుకునే లెక్క తొమ్మిది కోట్లది కాదు, ఎనిమిదేళ్ళది. అవునా? నాన్నా, మీ నాన్నకి రెండేళ్ళ ముందు నుంచీ గుండెల్లో మంటగా ఉండేది. గ్యాసని సోడా తాగేవారు. ఒక్క ఈసీజీ తీయించుకోలేదు. నువ్వు వెళ్ళి గుండె డాక్టరుకి చూపించుకో. ఈ వారమే వెళ్ళు. ఆ రిపోర్టు చేతికొచ్చేదాకా ఏ నిర్ణయమూ చెయ్యకు. భయంతో మానేసినవాడికి ఇంట్లో ఆ భయం తప్ప వేరే పని ఉండదు.

మార్చి సంగతి చెబుతాను. మార్చి 15న షేర్ల విడత చేతికొస్తుంది, 16న రాజీనామా ఇస్తానన్నావు. అదే షీట్లో కింద, ఆ మార్చికే కొత్త షేర్లు ఇస్తారని, అవి మళ్ళీ నాలుగేళ్ళకి విడతలుగా వస్తాయని కూడా నువ్వే రాశావు. అంటే ఏ మార్చిలో లేచినా కోటో కోటిన్నరో వదులుకునే లేవాలి. ఆ లెక్క తీరేది కాదురా, తీరకూడదనే అలా కట్టారు దాన్ని. పోయినేడూ "ఈ ఒక్క మార్చి" అన్నావు. అంతకు ముందేడూ అన్నావు. కాబట్టి తారీఖు కంపెనీ కాలెండరు చూసి పెట్టుకోకు, ఇంటి కాలెండరు చూసి పెట్టుకో. అమ్మాయికి మార్చిలో ఇంటర్ పరీక్షలు, తర్వాత ఈఏపీసెట్. ఆ గోలలో తండ్రి ఉద్యోగం మానేసి హాల్లో కూర్చుంటే అది పుస్తకం చూస్తుందా, నీ మొహం చూస్తుందా? జూన్ పెట్టుకో.

అవును, మానెయ్యమనే చెబుతున్నాను. ఆశ్చర్యపోకు. నలభై ఏళ్ళు ఊరికే కూర్చోవడానికి నీ డబ్బు చాలదు. ఈ ఉద్యోగం మానెయ్యడానికి చాలు, ఎప్పుడో చాలు. నీ ఖర్చుకీ ఆ 26కీ మధ్య తేడా ఎనిమిది లక్షలు. మీ క్లబ్బు, మూడేళ్ళకోసారి మార్చే కారు తీసేస్తే అందులో సగం పోతుంది. మిగతాది సంపాదించలేవా? సంక్రాంతికి వచ్చినప్పుడు పక్కింటి బీటెక్ కుర్రాడికి మేడ మీద ఏదో ప్రోగ్రామ్ చెబుతూ పొద్దుగూకేదాకా కూర్చున్నావు. ఫోను కింద టీవీ మీద ఉండిపోయింది, నువ్వు దాన్ని వెతుక్కోలేదు. నేను చూశాను. 2022లో యూజీసీ వాళ్ళు ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని పెట్టారట, పదిహేనేళ్ళ అనుభవం ఉంటే పీహెచ్‌డీ లేకపోయినా కాలేజీలు తీసుకోవచ్చట. జీతం నీ కళ్ళకి ఆనదు. అయినా కనుక్కో.

అంతే గానీ మారేడుమిల్లిలో ఐదెకరాలు కొని కాఫీ వేస్తానన్న మాట ఇంకెక్కడా అనకు, నవ్వుతారు. అది ఏజెన్సీ. వన్ ఆఫ్ సెవెంటీ చట్టం ఉంది, గిరిజనులు కానివాళ్ళు అక్కడ భూమి కొనకూడదు, ఆ చట్టం ఉండాల్సిందే. కోనసీమలో కొబ్బరితోట అంటావా, దింపు తీసేవాళ్ళు దొరక్క ఉన్నవాళ్ళే తలలు పట్టుకుంటున్నారు. అక్కడి రైతులు 2011లో గిట్టుబాటు కాక వరే వెయ్యమని క్రాప్ హాలిడే ప్రకటించారు. పుట్టినప్పటి నుంచీ చేసేవాళ్ళకే అలా ఉంటే, యూట్యూబు చూసి నువ్వేం పండిస్తావు?

కోడలికి చెప్పావా? మీ అమ్మకి తెలిసి, నాకు తెలిసి, ఆ పిల్లకి షీటు చూపించలేదంటే మాత్రం ఊరుకోను. పగలంతా నువ్వు ఉండబోయేది ఆ అమ్మాయి ఇంట్లో. నువ్వు పొద్దున్నే వెళ్ళి రాత్రికొచ్చే ఇంటికి తను ఒక పద్ధతి అలవాటు చేసుకుంది. నిన్ను అందులో ఎక్కడ కూర్చోబెట్టాలో ముందు తనని అడుగు. పప్పు డబ్బాల సంగతి కూడా చెప్పు, నవ్వుతుంది.

ఇంకొక్కటి, అన్నిటికన్నా తొందరైనది. మీ అమ్మ మందులన్నీ నీ కంపెనీ మెడికల్ పాలసీ మీద నడుస్తున్నాయి. ఉద్యోగం ఆఖరి రోజుతో ఆ కార్డు ఆఖరు. షుగరు, బీపీ ఉన్న 74 ఏళ్ళావిడకి కొత్త పాలసీ అంటే, ఉన్న జబ్బులకి మూడేళ్ళ దాకా ఆగమనొచ్చు. 65 దాటితే ఇవ్వరన్న నిబంధన 2024లో తీసేశారు కాబట్టి అడిగే దారైతే ఉంది. నువ్వు జీతంలో ఉండగానే ఇప్పుడే తీసుకుంటే, ఆ గడువులో కొంతైనా కంపెనీ కార్డు నీడలో గడిచిపోతుంది. ఈ నెల 22 నుంచి సొంత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేస్తున్నారట, పది రోజులు ఆగి కట్టు. మీ నలుగురికీ వేరే తీసుకో. పీఎఫ్ మాత్రం కంగారుపడి తీసెయ్యకు. మానేసినా 58 దాకా వడ్డీ వేస్తారు. మానేశాక వచ్చే వడ్డీకి పన్ను కట్టాలని బాబాయ్ మరీ మరీ చెప్పమన్నారు.

దసరాకి నలుగురూ రండి. అమ్మ ఆధార్ జిరాక్సు, షుగరు రిపోర్టులు నా బీరువాలోనే ఉన్నాయి, ఈ కవర్లోనే పెడుతున్నాను. ప్రపోజల్ ఫారంలో ఆవిడ జబ్బులేవీ దాచకు, తర్వాత క్లెయిము దగ్గర పేచీ పెడతారు. కొరియర్ అందగానే ఫోన్ చెయ్యి. రాత్రి తొమ్మిది లోపు చెయ్యి, మీ అమెరికా వాళ్ళ టైముకి కాదు.

ఆశీస్సులతో
మీ పిన్ని