కదలని కారును ట్రైలరుపై కెక్కించుట

నేడు కారు కనబడని గ్రామము అరుదు. కారున్నచోట అది చెడిపోవుటయు నుండును. ఇంజను ఆగిన బండిని పట్టణమందలి మెకానిక్ షాపునకు చేర్చవలసి వచ్చినను, నెలల తరబడి వీధి కడ్డముగ పడియున్న బండిని తొలగింపవలసి వచ్చినను జనులు పంచాయతీ కార్యాలయమునకే వత్తురు. ట్రైలరు అక్కడ నుండునని వారెరుగుదురు. తెలంగాణమున 2019 సెప్టెంబరులో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతీలు ట్రాక్టరును, ట్రాలీని, నీటి ట్యాంకరును సమకూర్చుకొన్నవి. సాధనము పంచాయతీది గనుక, దానితో జరుగు పనికి పూచీయు పంచాయతీదే యగుచున్నది. అందుచే సర్పంచులును, వార్డు సభ్యులును ఈ పనిని గూర్చి తెలిసికొనదగిన సంగతులను ఇచ్చట వివరించెదము.

మన యూళ్లలో ఈ పని సాధారణముగ నెట్లు జరుగునో అందరు నెరిగినదే. ట్రాలీ వెనుక తలుపు దించి, రెండు బల్లలు వాల్చి, పదిమంది పడుచువాండ్రు కారు వెనుక నిలిచి 'ఐలెస్సా' యని త్రోయుదురు. పెక్కుసారులు కారు ఎక్కును. బల్ల జారిన దినమున, లేక ముందున్నవాని కాలు తడబడిన దినమున, బండి వెనుకకు వచ్చు త్రోవలోనే ఆ పదిమందియు నుందురు. మేము ముఖ్యముగ చెప్పదలచిన దొక్కటే: ఏటవాలుపై నున్న బండికి దిగువను మనిషి ఉండరాదు. తక్కిన జాగ్రత్తలన్నియు దీనికి తోడైనవే.

చిన్న కారు బరువు సుమారు 800 మొదలు 1000 కిలోలు. చదును నేలపై దానిని ఇద్దరు ముగ్గురు త్రోయగలరు గనుక ఆ బరువు మనకు తెలియదు. వాలుపై తెలియును. ట్రాలీ నేలకు మూడడుగుల ఎత్తున నున్నదనుకొందము. 12 అడుగుల బల్లలు వేసినచో, 1000 కిలోల బండి సుమారు 250 కిలోల బలముతో వెనుకకు లాగుచుండును. 18 అడుగుల బల్లలు వేసినచో అది సుమారు 167 కిలోలకు తగ్గును. బల్ల పొడవైనకొలది పని తేలికయగుటయే గాక, బల్ల కొనయు ట్రాలీయు కలియుచోట కారు అడుగు రాచుకొనుటయు తప్పును. అయితే బల్ల పొడవైనకొలది నడుమ వంగును. బలమైన టేకు దూలములో, ఇనుప కమ్ములో కావలెను గాని, ఇల్లు కట్టునపుడు వాడి పారవేసిన సెంట్రింగు చెక్కలు ఈ పనికి పనికిరావు.

ఇంతకన్న మంచి ఉపాయము మన పల్లెలలోనే కలదు. చెరువు గట్టో, మట్టి దిబ్బయో మూడడుగుల ఎత్తున నున్నచోటు చూచి, ట్రాలీ వెనుక భాగమును దానికి ఆనించినచో వాలే యుండదు. గట్టుమీది కారు దాదాపు చదునుగ ట్రాలీలోనికి పోవును. పశువులను లారీ కెక్కించువారు చేయునది ఇదియే. గట్టు అంచు మెత్తని మన్నుగాక గట్టినేల యగునట్లు మాత్రము చూచుకొనవలెను. ఇక హైడ్రాలిక్ ట్రాలీని పైకెత్తి, దాని వాలునే బల్లగ వాడుకొందమనువారును కలరు. ఇది కూడదు. కారు సగము దాటగనే బరువు ముందుకు మారి, ఎత్తిన తొట్టి దభాలున పడవచ్చును.

'కారులో ఒకరు కూర్చుండి బ్రేకు త్రొక్కునులే' యను మాట తరచుగ వినబడును. ఇంజను నడుచుచున్నంతసేపే బ్రేకు పెడలునకు దాని బలము తోడగును. ఇంజను ఆగిన పిదప ఒకటి రెండుసారులు త్రొక్కుసరికి ఆ తోడు అడుగంటి, పెడలు రాయివలె బిగియును. అప్పుడు బ్రేకు బొత్తిగ లేకపోదు గాని, రెండు కాళ్ల బలము చూపినను చాలకపోవచ్చును. పవర్ స్టీరింగు గల బండిలో చక్రము త్రిప్పుటయు నట్లే కష్టమగును. తాళము తీసినచో స్టీరింగు పూర్తిగ బిగిసిపోవును. కాబట్టి తాళము పెట్టి, త్రిప్పియుంచి, బండిని నేలమీదనే ట్రాలీకి తిన్నగ నిలుపవలెను. దానికి పావుగంట పట్టినను సరే. లోపల మనిషిని కూర్చుండబెట్టి వాలుపై సరిదిద్దుకొనుటకన్న అదియే మేలు.

ఇదే కారణమున త్రాడు కట్టి దూరము లాగుకొనిపోవుటయు మేలైన పద్ధతి కాదు. అట్లు లాగునపుడు వేగము గంటకు 24 కిలోమీటర్లు మించరాదనియు, రెండు బండ్ల నడుమ ఎడము 5 మీటర్లు దాటరాదనియు, వెనుక బండిలో లైసెన్సు గలవారు కూర్చుండవలెననియు 2017 వరకు అమలులో నుండిన 1989 నాటి మార్గనియమములు విధించియుండెను. ఆ వెనుక కూర్చున్నవానికి దక్కునది పైన చెప్పిన రాతి పెడలే.

ఇక ఎక్కించు విధము. ట్రాలీని ముందుగ ట్రాక్టరునకు తగిలించి, ట్రాక్టరు బ్రేకు బిగించి, చక్రములన్నిటికి ముందు వెనుకల దిమ్మలు పెట్టవలెను. రెండు చక్రముల ట్రాలీ విషయమున మరియొక అపాయము కలదు. కారు ట్రాలీ వెనుక అంచుపై నున్నపుడు వెనుక భాగము క్రుంగి, ముందు కొన పైకి లేచును. అది ట్రాక్టరు వెనుక చక్రములను గూడ ఎత్తజూచును. అప్పుడు ట్రాక్టరు బ్రేకు వ్యర్థము. కావున ట్రాలీ వెనుక అంచు క్రింద రెండు వైపుల బలమైన కొయ్యదిమ్మలు ఊతగ పెట్టవలెను. ఇటుకలు పెట్టరాదు, అవి పగులును.

కారును త్రోయరాదు, లాగవలెను. చేతితో త్రిప్పు వించిగాని, లీవరుతో లాగు చెయిన్ బ్లాకుగాని చాలును. చేయి వదలినను బండి నిలిచియుండుటయే వీని గొప్ప. వించిని ట్రాలీ ముందరి ఇనుప చట్రమునకు బిగింపవలెను గాని తొట్టి రేకునకు గాదు. కారునకు త్రాడు తగిలించుటకు కంపెనీవారే యిచ్చిన కొక్కెముండును. బంపరునకు కట్టినచో బంపరు ఊడి వచ్చును. ఇనుప తీగ తెగినపుడు కొరడావలె విసరును గనుక దాని సూటిలో ఎవరును నిలువరాదు. నడుమ తడి గోనెపట్టా వేసియుంచినచో విసురు తగ్గును. మరియొక ట్రాక్టరుతో లాగించు పద్ధతిని మేము సమర్థింపము. క్లచ్చి వదలుటలో ఒక్క కుదుపు చాలును, త్రాడు తెగుటకు.

పూర్వము బండ్లు మిట్ట నెక్కునపుడు ఒకడు రాయి పట్టుకొని ప్రక్కన నడచి, ఎద్దులు ఆగినచోట చక్రము వెనుక వేసెడివాడు. ఇచ్చటను ఆ పనికి ఒకరు కావలెను. దిమ్మకు పొడవైన కర్ర బిగించి, ప్రక్కననే యుండి, చక్రము జరిగినకొలది దానిని వెనుక జరుపుచుండవలెను. లాగునపుడు గేరు న్యూట్రలులో నుండును. పైకి చేరిన పిదప చేతిబ్రేకు వేసి, మొదటి గేరులో పెట్టి, నాలుగు చక్రములకు దిమ్మలు వేయవలెను.

వడ్లబస్తాలు వెనుకకు ఎక్కువైనచో కాడి లేచి ఎద్దుల మెడలకు పట్టీలు బిగియుట రైతు లెల్లరు చూచినదే. ట్రైలరునకును అదే న్యాయము. వెనుక బరువైన ట్రైలరు వేగమున పామువలె మెలికలు తిరుగును. మొత్తము బరువులో నూటికి 10 మొదలు 15 వంతులు ముందు కొక్కెముపై పడునట్లు కారును నిలుపవలెను. పెక్కు కార్ల ఇంజను ముందుండును గనుక ముందువైపుగ ఎక్కించుట మంచిది. పొడవు ముందే కొలిచి చూడుడు. 10 అడుగుల ట్రాలీలో 13 అడుగుల కారు ఇముడదు. అట్టిచో పంచాయతీ ట్రాలీ యియ్యమని చెప్పి, టోయింగు వాహనమును పిలిపించుకొనుమనుటయే సభ్యుల కర్తవ్యము. అడిగినవారు చుట్టమైనను అంతే.

కట్టుటకు కొబ్బరిత్రాడు తగదు, అది సాగును. రాచెట్ బెల్టులతో నాలుగు మూలల, చక్రములనో ఇరుసు భాగములనో పట్టి బిగింపవలెను. పెక్కు ట్రాలీలకు స్వంతముగ బ్రేకులుండవు. ఒక టన్ను ఎక్కువైన బండిని ట్రాక్టరు బ్రేకులే ఆపవలెను. నెమ్మదిగ పోవలెను. రెండు మూడు కిలోమీటర్లు పోయిన పిదప ఆగి బెల్టులను మరల బిగింపవలెను. కుదుపులకు అవి తప్పక వదులగును.

దించునపుడు జనులు ఏమరుదురు. బెల్టులు విప్పకముందే వించి త్రాడును తగిలించి బిగింపవలెను. ఆపైననే బెల్టులు విప్పి, చేతిబ్రేకు వదలి, గేరు న్యూట్రలులో పెట్టి, దిమ్మలు తీసి, వించిని కొద్దికొద్దిగ వదలుచు దింపవలెను. వెనుక ప్రక్కను గుమిగూడిన పిల్లలను ముందే దూరముగ పంపివేయవలెను.