ఇంటి కంప్యూటరు మొరాయించినప్పుడు

గజపతినగరం పరిసరాలలో ఏ ఇంట కంప్యూటరు చెడినా ముందుగా వినవచ్చే మాట ఒక్కటే: “ఫార్మాట్ కొట్టించేద్దాం.” పిమ్మట పెట్టెను పాత దుప్పటిలో చుట్టి, బస్సెక్కించి విజయనగరం చేర్చడం, రెండు మూడు దినాలకు తిరిగి తెచ్చుకొనడం. యంత్రం మరల నడుస్తుంది. కాని అందులో ఉండిన ప్రాజెక్టు నివేదిక, అక్క పెళ్ళి ఫోటోలు, నాన్నగారు స్కాన్ చేయించి దాచిన పొలం కాగితాల నకళ్ళు తిరిగి రావు. యంత్రాన్ని ఎప్పుడైనా కొనవచ్చును. పోయిన కాగితాన్ని అంగడిలో ఎవరూ అమ్మరు. అందుచేత ఫార్మాట్ అన్న మాటకు ముందు జరుగవలసిన పరిశీలనను విద్యార్థి మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఫార్మాట్ చేయడమనగా డిస్కులోని సమాచారాన్ని తొలగించి, దానిని క్రొత్తగా సిద్ధపరచడం. అటుపిమ్మట విండోస్ వంటి నిర్వహణ వ్యవస్థను తిరిగి ఎక్కిస్తారు. వ్యవస్థలోనే దోషమున్నప్పుడు ఇది మంచి వైద్యమే. కాని విద్యుత్తు, వేడిమి, తేమ, వదులైన తీగ, అరిగిన డిస్కు వీటిలో ఒక్కదానికైనా ఫార్మాట్ మందు కాదు. మన ప్రాంతంలో ఇంటి కంప్యూటర్లకు వచ్చే బాధలలో వీటి పాలు తక్కువేమీ కాదు.

పరిశీలనకు ఒక క్రమం కలదు. వెలుపలినుండి లోనికి పోవలెను. ఒక పర్యాయం ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితం చూడవలెను. నాలుగు తీగలు ఒకేసారి మార్చినచో, బాగుపడినా ఏది కారణమో తెలియదు, రేపు మరల చెడినప్పుడు మొదటికే వస్తాము. పెట్టెలోనికి విద్యుత్తు వచ్చుచున్నదా? వచ్చినచో తెరపై మొదటి అక్షరాలు కనబడుచున్నవా? కనబడినచో విండోస్ తెరచుకొనుచున్నదా? యంత్రం ఈ మూడింటిలో ఎచ్చట ఆగినదో చూచినచో దోషం ఎచ్చట ఉన్నదో చాలవరకు తేలిపోతుంది. (మనవారు ఆ పెట్టె మొత్తాన్ని సీపీయూ అంటారు. శాస్త్రం ప్రకారం సీపీయూ అనగా లోపలి ప్రాసెసరు ఒక్కటే. బాగుచేయువానితో మాట్లాడునప్పుడు ఈ తేడా ఎరిగి ఉండుట మంచిది.)

విద్యుత్తు విషయం కొంత విపులంగా చెప్పవలసి ఉన్నది. మన ఇళ్ళకు రావలసినది 230 వోల్టుల, 50 హెర్ట్జుల ఏకాంతర విద్యుత్తు. సాయంత్రం వేళ పల్లెలలో అది ఎంతకు దిగుతుందో మసకబారిన దీపమే చెబుతుంది. ల్యాప్‌టాప్ అడాప్టరు వెనుక చీటీని చదివితే 100 నుండి 240 వోల్టులని ఉంటుంది. అందుచేత తక్కువ వోల్టేజిని అది ఓర్చుకొంటుంది. బల్లపై ఉండు కంప్యూటరుకు ఆ ఓర్పు అన్నివేళలా ఉండదు. పంకా వేగం తగ్గిన వేళలోనే కంప్యూటరు తనంతట తానుగా ఆగి మొదలగుచున్నచో విండోస్‌ను అనుమానించకముందు గోడలోని ప్లగ్గును అనుమానించవలెను.

పెట్టెను ముట్టుకొన్నప్పుడు వ్రేళ్ళకు జిల్లుమనడం చాలామందికి అనుభవమే. దీనికి కారణం సాధారణంగా ఎర్తింగు లేకపోవడం. విద్యుత్తును మార్చి ఇచ్చే ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాలో వడపోత కొరకు రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు తీగ లేనప్పుడు అవి పెట్టె లోహాన్ని సరఫరా వోల్టేజిలో ఇంచుమించు సగం వద్ద నిలబెడతాయి. ప్రవాహం స్వల్పం గనుక జిల్లు మాత్రమే తెలుస్తుంది. కాని అదే జిల్లు లోపల తీగ పొర ఊడిన సందర్భంలోనూ రావచ్చును గనుక దానిని అలవాటు చేసుకొనరాదు. మూడు కాళ్ళ ప్లగ్గులో పైనుండు లావుపాటి కాలు ఎర్తు కొరకే. రెండు కాళ్ళ సాకెట్టులో పట్టించుటకై దానిని విరిచివేయడం మనవైపు తరచుగా చూచుచున్నాము. బొగ్గు, ఉప్పు వేసి పాతిన ఎర్తు గొయ్యి వేసవిలో ఎండిపోతుంది. నెలకొకమారు దానిలో రెండు బిందెల నీరు పోయడం ఏ యంత్రశాస్త్రం చదవనివారైనా చేయగల మరమ్మతు. కళాశాల కంప్యూటరు గదికి సైతం ఇది వర్తిస్తుందని కమిటీ పెద్దలకు వినయపూర్వకంగా మనవి.

ఆ ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను మాత్రం విద్యార్థులు విప్పరాదు. 230 వోల్టులు సగటు వర్గమూలపు విలువ. దాని శిఖర విలువ 325 వోల్టులు. డబ్బాలోని పెద్ద కెపాసిటరు ఆ స్థాయి వరకు నిండి, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు ఆ శక్తిని పట్టి ఉంచుతుంది. పాఠ్యపుస్తకంలో రెండు సమాంతర రేఖలుగా కనబడే కెపాసిటరు ప్రాణం మీదికి తేగలది అక్కడే.

మనది తుపానుల సీమ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు విశాఖ, విజయనగరం జిల్లాలలో రోజుల తరబడి విద్యుత్తు లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాలో పలాస సమీపాన తీరం దాటి ఉద్దానాన్ని నేలమట్టం చేసింది. ఇట్టి వేళలలో కంప్యూటరుకు కరెంటు పోవడం కంటె కరెంటు తిరిగి వచ్చే క్షణమే ఎక్కువ అపాయకరం. లైను నిలకడ చెందకముందు వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి పడుతుంది. స్విచ్చి ఆపడం చాలదు, ప్లగ్గు ఊడబెరికి ఉంచి, దీపాలు స్థిరంగా వెలిగిన పది నిమిషాలకు తిరిగి తగిలించవలెను. పిడుగుల వేళ టెలిఫోను రాగి తీగను, ఇంటర్నెట్ పెట్టె తీగను సైతం విడదీయవలెను. గాజు నారతో వచ్చే ఇంటర్నెట్టుకు తీగ ద్వారా పిడుగు రాకపోయినా, ఆ పెట్టెకు కరెంటు ఇచ్చే అడాప్టరు ద్వారా రావచ్చును.

యూపీఎస్ దీపం వెలుగుచున్నా కరెంటు పోగానే కంప్యూటరు కూడా ఆరిపోవుచున్నచో లోపలి 12 వోల్టుల బ్యాటరీ ముసలిదైనదని అర్థం. రెండు మూడేండ్లకు అది మార్చవలసినదే. లేజరు ప్రింటరును యూపీఎస్‌కు తగిలించరాదు. అది కాగితాన్ని వేడిచేయునప్పుడు లాగే విద్యుత్తు చిన్న యూపీఎస్ తాళలేనిది.

ఇక పంకా తిరిగి, దీపం వెలిగి, తెర మాత్రం నల్లగా ఉన్న సందర్భం. ముందు తెర తీగ రెండు కొసలూ చూడవలెను. అది బాగున్నచో అనుమానించదగినది ర్యామ్ పలక. వేసవి సెలవుల తరువాత తెరిచిన గదులలో ఈ బాధ తరచు. తీరప్రాంతపు తేమగాలికి పలక అంచునున్న పసిడి రంగు స్పర్శరేఖలపై మసక పేరుకొంటుంది. ప్లగ్గు తీసి, పవరు మీటను ఇరువది సెకన్లు నొక్కి పట్టి మిగులు విద్యుత్తును పోగొట్టి, పలకను తీసి, పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో ఆ రేఖలను మృదువుగా తుడిచి, రజను లేకుండా చేసి, టక్కుమని శబ్దం వచ్చువరకు తిరిగి నొక్కవలెను. ఐదు రూపాయల రబ్బరుతో తీరిన ఈ దోషానికి ఫార్మాట్ పేరిట వందలు చెల్లించినవారు ఎందరో!

గడియారం ప్రతిదినం వెనుకకు పోవడం మరొక తమాషా బాధ. మదర్‌బోర్డుపై రూపాయి బిళ్ళవలె ఉండు మూడు వోల్టుల సి.ఆర్. 2032 బ్యాటరీ అయిపోయినప్పుడు తేదీ ఎప్పటిదో పాత సంవత్సరానికి పోతుంది. అప్పుడు వెబ్‌సైట్లు “ఇది సురక్షితం కాదు” అని హెచ్చరించి తెరచుకొనవు. వెబ్‌సైటు చూపే ధ్రువపత్రానికి గడువు తేదీలు ఉంటాయి, వానిని మీ గడియారంతో సరిచూచుకొంటారు గనుక. ఉపకారవేతనం దరఖాస్తుకు ఆఖరు రోజున ఈ హెచ్చరిక కనబడినచో ప్రభుత్వ వెబ్‌సైటును నిందింపక తెర మూలనున్న తేదీని చూడవలెను.

వేడిమిని గురించి కొద్దిగా చెబితే చాలును. ప్రాసెసరు మితిమీరి కాగినప్పుడు తన్ను తాను నెమ్మది చేసుకొంటుంది, ఇంకను కాగినచో ఆగిపోతుంది. పరుపు మీద పెట్టిన ల్యాప్‌టాప్ ఊపిరాడక ఆగిపోవడం ఇదే. దుమ్ము ఊదునప్పుడు పంకాను వ్రేలితో పట్టి ఉంచి ఊదవలెను, గాలివడికి మితిమీరి తిరిగినచో దాని బేరింగు చెడుతుంది. వర్షాకాలంలో వెచ్చదనం వెదుక్కొంటూ చీమలు, బల్లులు పెట్టెలో కాపురం పెట్టడం మన ఇళ్ళలో క్రొత్త కాదు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్-2 యంత్రపు రిలేలో చిక్కిన చిమ్మటను ఇంజనీర్లు దినచర్య పుస్తకంలో అంటించి ఉంచారు. మన బల్లికి అంతటి కీర్తి దక్కలేదు.

విండోస్ తెరచుకొనుట వరకు వచ్చి అచ్చట ఆగినచో, లేదా మిక్కిలి నెమ్మదిగా నడచినచో, అప్పుడే ఫార్మాట్ మాట తలపునకు వస్తుంది. ఆ తలపును ఒక్క గంట వాయిదా వేయుటకు చక్కని ఉపాయం కలదు. లినక్స్ మింట్, ఉబుంటు వంటి ఉచిత వ్యవస్థలను మరొక కంప్యూటరులో పెన్‌డ్రైవ్‌పై ఎక్కించి, ఆ పెన్‌డ్రైవ్‌తోనే చెడిన కంప్యూటరును నడపవచ్చును. లోపలి డిస్కును అది తాకదు. అట్లు నడిపినప్పుడు యంత్రం బాగుగా పనిచేసినచో ప్రాసెసరు, ర్యామ్ చాలవరకు క్షేమమే, దోషం విండోస్‌లోనో డిస్కులోనో ఉన్నది. అట్లు నడిపినా ఆగిపోయినచో ఫార్మాట్ వలన ప్రయోజనం లేదు. అంతేగాక, సంకేతపదంతో తాళం వేయని డిస్కైనచో, అదే కూర్చున్న చోటున మీ ఫైళ్ళన్నిటినీ వేరొక డిస్కుకు నకలు తీసుకొనవచ్చును. ఆ తరువాత ఫార్మాట్ చేసినా నష్టం లేదు.

పాత డిస్కు టిక్కు టిక్కుమని ధ్వని చేసినచో ఏ పరీక్షలూ చేయక మొదట నకలు తీయవలెను. ఆ ధ్వని మరల మరల వినిపించే అవకాశం డిస్కు ఇవ్వకపోవచ్చును. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. కావలసిన చోటు సూది క్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు, అనగా నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు పట్టును. సూది జరుగుటకు పట్టే కాలం అదనం. తిరిగే భాగం లేని ఎస్.ఎస్.డి.కి ఈ నిరీక్షణ లేదు. పాత కంప్యూటరు నెమ్మదైనదని క్రొత్తది కొనదలచిన గృహస్థు ముందు ఈ ఒక్క మార్పు చేసి చూచుట లాభకరం.

వైరస్సుల సంగతికి వచ్చినచో, జిరాక్సు అంగడిలో ఇచ్చి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ బాణం గుర్తుగల షార్ట్‌కట్లుగా మారడం విద్యార్థులకు సుపరిచితం. ఫైళ్ళు పోలేదు, దాచబడినవి. దాచిన ఫైళ్ళను చూపు ఏర్పాటును ఎంచుకొనినచో కనబడతాయి. షార్ట్‌కట్లను మాత్రం నొక్కరాదు. 2017 మే నెలలో ప్రపంచమంతటా ప్రాకి, ఫైళ్ళకు తాళం వేసి సొమ్ము అడిగిన వానాక్రై వాత చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు కొన్ని పడినవి. దానిని అడ్డుకొనగల సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ అదే సంవత్సరం మార్చి 14ననే విడుదల చేసి ఉన్నది. విండోస్ 7కు అట్టి సవరణలు 2020 జనవరి 14తో ఆగినవి, విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఇంకను వానినే వాడువారు ఆ సంగతి ఎరిగి వాడవలెను.

ఉర్దూ, తెలుగు రెండు భాషలలోనూ వ్రాసుకొనే మనబోటివారికి ప్రత్యేకమైన బాధ మరొకటి కలదు. పంపిన వ్యాసం అవతలి కంప్యూటరులో అక్షరాలుగా కనబడదు. వెంటనే వైరస్ అంటారు. అది వైరస్ కాదు. కనబడు తీరును బట్టి మూడు విధాలుగా గుర్తించవచ్చును.

చదరపు గళ్ళు కనబడినచో ఆ లిపికి ఫాంటు లేదని అర్థం. సమాచారం భద్రం, ఫాంటు చేర్చిన చాలును. ఆంగ్ల అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనబడినచో అది అను మొదలైన పాత ముద్రణ ఫాంటులో కూర్చినది. ఆ ఫాంట్లు ఆంగ్లాక్షరాలకు కేటాయించిన సంఖ్యల మీదనే తెలుగు రూపాలను కూర్చోబెట్టినవి. ఆ ఫాంటు ఉన్నచోట తెలుగు, లేనిచోట గందరగోళం. దీనిని యూనికోడ్‌లోనికి మార్చు సాధనాలు కలవు. మూడవది ప్రశ్నార్థకాలు. వరుసగా ప్రశ్నార్థకాలే కనబడినచో భద్రపరచునప్పుడే తెలుగును నిలుపుకొనలేని రూపంలో భద్రపరచినారు, అక్షరాలు నిజంగానే పోయినవి. వ్రాసినవారి వద్దనున్న మూలప్రతిని అడుగుట తప్ప మార్గం లేదు.

1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం తెలుగుకు 128 స్థానాలు ప్రత్యేకించింది. ఉర్దూ అక్షరాలు అరబ్బీ లిపి విభాగంలో ఉన్నవి. అయితే ఉర్దూకు చిక్కు మరింత. నస్తాలీఖ్ వ్రాతలో అక్షరం ప్రక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చుకొని ఏటవాలుగా దిగుతుంది. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ వేలకొలది కూర్పులను చేతితో వ్రాసి నూరీ నస్తాలీఖ్‌ను రూపొందించిన పిమ్మటనే ఆ సొగసు యంత్రానికి పట్టువడినది. 1994 నుండి ఇన్‌పేజ్ అదే వ్రాతను ఇంటి కంప్యూటరుకు తెచ్చినది. కాని పాత ఇన్‌పేజ్ ఫైలు ఇన్‌పేజ్‌లోనే తెరచుకొంటుంది. యూనికోడ్ ఉర్దూను పాత పేజ్‌మేకరులో అతికించినచో అక్షరాలు విడివిడిగానో, ఎడమనుండి కుడికో పడతాయి. అదీ వైరస్ కాదు, ఆ ప్రోగ్రాముకు కుడినుండి ఎడమకు వ్రాయడం రాదు.

కనుక ఈ సంచికలోని ఉర్దూ, తెలుగు పుటలను కూర్చిన ఫైళ్ళతోపాటు యూనికోడ్ ప్రతి ఒకటి, పీడీఎఫ్ ప్రతి ఒకటి కళాశాల గ్రంథాలయంలో ఉంచవలెనని నా అభిప్రాయం. పదేండ్ల తరువాత ఆ కూర్పు ప్రోగ్రాము దొరకకపోయినా వ్యాసాలు చదువవచ్చును. నకళ్ళు రెండింటినీ ఒకే బీరువాలో పెట్టరాదు, హుద్‌హుద్ వంటిది వచ్చిననాడు రెండూ కలిసి తడుస్తాయి.

ఇన్ని చేసినను యంత్రాన్ని అంగడికి పంపవలసి వచ్చినచో ఒక చీటీ వ్రాసి పెట్టెకు అంటించి పంపండి. తెరపై కనబడిన హెచ్చరికను ఫోనుతో ఫోటో తీసి జతచేయండి. దోషం ఎప్పటినుండి, ఏమి చేసిన తరువాత వచ్చినది, మీరు ఏమేమి పరీక్షించారు అన్నవి వ్రాయండి. మార్చిన పాత భాగాలను తిరిగి ఇవ్వవలెనని వ్రాయండి. చివర పెద్ద అక్షరాలతో: “డిస్కులో ఫైళ్ళు ఉన్నవి. ఫోను చేసి అడుగకుండా ఫార్మాట్ చేయవద్దు.” క్రింద మీ ఫోను నంబరు.