పదిహేడవ నంబరు ఎలా తెలిసింది?

పోయిన పరీక్షలో థైమిడిన్ కైనేజ్ జన్యువు మనిషిలో ఏ క్రోమోజోము మీద ఉందంటే "17" అని రాసి ఒక మార్కు తెచ్చుకున్నాను. సెలవుల్లో ఇంటి దగ్గర ఆ సంగతి గొప్పగా చెబితే మా నాన్న "ఎట్లా కనుక్కున్నార్రా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సిగ్గేసి పుస్తకాలు తిరగేశాను.

థైమిడిన్ కైనేజ్ ఒక ఎంజైము, అంటే ప్రోటీనే. డి.ఎన్.ఏ.కు కావలసిన నాలుగు ముడిసరుకుల్లో ఒకదాన్ని కణం రెండు దారుల్లో సంపాదిస్తుంది. ఒకటి, సొంతంగా తయారు చేసుకోవడం. రెండు, బయట దొరికే థైమిడిన్‌ను ఈ ఎంజైము సాయంతో వాడుకోవడం.

1967లో అమెరికాలో మేరీ వైస్, హోవర్డ్ గ్రీన్ ఈ ఎంజైము లేని ఎలుక కణాలను మనిషి కణాలతో కలిపి సంకర కణాలు తయారుచేశారు. వీటికి ఒక వింత గుణం ఉంది. కణవిభజన జరిగేకొద్దీ ఎలుక క్రోమోజోములు నిలుస్తాయి, మనిషివి ఒక్కొక్కటే జారిపోతాయి.

వీటిని హైపోజాంథిన్, అమినోప్టెరిన్, థైమిడిన్ కలిపిన ద్రవంలో పెంచారు. అమినోప్టెరిన్ మొదటి దారి మూసేస్తుంది. ఎలుక కణానికి రెండో దారి ముందే లేదు గనుక చస్తుంది. సంకర కణం బతకాలంటే ఆ ఎంజైమునిచ్చే మనిషి క్రోమోజోము దానిలో ఉండి తీరాలి. తక్కినవి ఏవి పోయినా అది పోకూడదు.

తిరగేసి కూడా చూడవచ్చు. బ్రోమోడిఆక్సీయూరిడిన్ పెడితే ఎంజైము ఉన్న కణమే దాన్ని వాడుకుని చస్తుంది. బతికినవి ఆ క్రోమోజోము పోగొట్టుకున్నవే.

అయితే 17, 18 వంటివి ఆకారంలో దగ్గరగా ఉంటాయి. క్వినాక్రిన్ రంగుతో మెరిసే చారలు చూసే పద్ధతి వచ్చాక, 1971లో మిల్లర్ బృందం అది 17 అని తేల్చింది.

ఇందులో మనవాళ్ళ చెయ్యి కూడా ఉంది. అమినోప్టెరిన్ లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యాన తయారైంది. 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యూకేమియాకు వాడినదీ అదే.

సంక్రాంతికి వెళ్ళి నాన్నకు ఇదంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, "కలుపుమందు కొట్టి, బతికిన మొక్కలో ఏముందో చూశారన్నమాట" అన్నాడు. అంతే మరి! మిత్రులారా, నంబరు బట్టీ పట్టేముందు అది ఎలా తెలిసిందో కూడా ఒక్కసారి అడగండి.