గట్టు మీది మొక్క హెచ్ఐవీకి మందవుతుందా?

నేలవేము చేదు ఎరుగని పల్లె మన డెల్టాలో తక్కువ. జ్వరమొస్తే కషాయం కాచి తాగడం పెద్దల నాటి అలవాటు. అదే మొక్క హెచ్ఐవీని కూడా తగ్గిస్తుందని చెప్పి పొడులు అమ్మేవాళ్లున్నారు. ఇందులో నిజమెంతో చూద్దాం.

పరీక్షలో తేలిందేమిటి?

నేలవేముకు చేదునిచ్చే పదార్థం ఆండ్రోగ్రఫోలైడ్. అమెరికాలో 13 మంది హెచ్ఐవీ బాధితులకు, ఐదుగురు ఆరోగ్యవంతులకు దీన్ని ఇచ్చి చూశారు. ఫలితాలు 2000లో వెలువడ్డాయి. రోగనిరోధక శక్తికి కొలమానమైన సీడీ4 కణాలు కొంత పెరిగాయి. రక్తంలో వైరస్ మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఒకరికి తీవ్రమైన ఎలర్జీ వచ్చింది. ఇలాంటి ఇబ్బందుల వల్ల తొమ్మిది వారాల పరీక్షను ఆరు వారాలకే ఆపేశారు.

ఒకే జాతి, వేరు గుణం

మన తీరంలో కనిపించే పొన్న చెట్టుకు చుట్టమైన చెట్టొకటి మలేసియాలోని సారవాక్‌లో ఉంది. 1987లో సేకరించిన దాని ఆకులు, కొమ్మల్లో కలనోలైడ్-ఎ దొరికింది. హెచ్ఐవీ తన సంఖ్యను పెంచుకోవడానికి వాడే ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. శాస్త్రవేత్తలు మళ్లీ వెళ్లేసరికి ఆ చెట్టును నరికేశారు. చుట్టుపక్కల అదే రకం చెట్లలో ఆ పదార్థం దాదాపు లేదు. మనుషులపై తొలి పరీక్షలు జరిగినా అది ఆమోదం పొందిన మందు కాలేదు. అందుకే గుప్పెడు ఆకులో మందు ఎంతుందో కంటితో చూసి చెప్పలేం.

మందులతో కలిపితే?

వెల్లుల్లి గుళికలు వేసుకున్నవారి రక్తంలో సాక్వినావిర్ అనే హెచ్ఐవీ మందు మోతాదు సగానికి పడిపోయినట్లు 2001లో అమెరికాలో తేలింది. కూరలో వేసే వెల్లుల్లి వేరు, గుళికలు వేరు. ఆకు మందే కదా, ఏం చేస్తుందిలే అనుకోకూడదు.

గుర్తుంచుకోవలసినవి

* ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుంచి ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి సీడీ4 ఎంతున్నా వెంటనే మొదలుపెడుతున్నారు. విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ ఏఆర్‌టీ కేంద్రం ఉంది.
* మాత్రలు మధ్యలో మానితే వైరస్ మందుకు లొంగకుండా పోవచ్చు.
* కషాయం, పొడి ఏది వాడుతున్నా డాక్టరుకు చెప్పండి.
* ఎయిడ్స్ నయం చేస్తామని మందు అమ్మడాన్ని ఔషధ నిబంధనలు ఒప్పుకోవు.
* నేలవేము సాగు చేసే రైతులు ఇలాంటి ప్రచారాన్ని నమ్మి ఎకరాలు పెంచవద్దు. కొనేదెవరో, ధరెంతో ముందే కాగితం మీద రాయించుకోండి.

గట్టు మీది మొక్క రేపటి మందుకు దారి చూపవచ్చు. ఈ రోజు ప్రాణం నిలిపేది మాత్రం వేళకు వేసుకునే మాత్రే.