దస్తరము గ్రామముది, తాళపుచెవి యెవరిది?

గ్రామ పంచాయతి దస్తరము గ్రామస్థుల ఉమ్మడి సొత్తు. ఇంటిపన్ను డిమాండు, గ్రామసభ తీర్మానములు, జనన మరణముల రిజిష్టరు మొదలైనవి సర్పంచి మారినను, కార్యదర్శి బదిలీయైనను గ్రామమునందే నిలువవలసినవి. నేడు వీనిలో అధిక భాగము కంప్యూటరులోనికి చేరినది. కాగితముపై నున్న లెక్కను చదువు వచ్చిన వాడెవడైనను చూచుకొనగలడు. కంప్యూటరులోని లెక్కను చూచుటకు సాఫ్టువేరు కావలెను. ఆ సాఫ్టువేరు ఒక్క కంపెనీయొద్ద మాత్రమే దొరకునదైనచో, దస్తరము మనదే యైనను తాళపుచెవి ఆ కంపెనీ చేతిలో నుండును. ఈ విషయమై పలు ప్రభుత్వములు ఇరువది ఏండ్లకు పైగా తర్జనభర్జనలు సాగించినవి. ఆ సంగతి పంచాయతి సభ్యులు తెలిసికొనదగినది.

పెద్దలకు గొలుసుకట్టు వ్రాత జ్ఞాపకముండును. 1984లో కరణీకములు రద్దగుటకు పూర్వము పెక్కు గ్రామముల లెక్కలు అక్షరమునకు అక్షరము అతుకుకొనిపోవు ఆ వ్రాతలోనే యుండెడివి. భూమి రైతుది, శిస్తు రైతుది. చదివి చెప్పవలసినది మాత్రము కరణముగారు. ఆయన యెంత ధర్మాత్ముడైనను, తన పొలము సంగతి రైతు ఆయన నోటనే వినవలసి వచ్చెడిది. మానికలు, కుంచములు కూడ ఊరికొక తీరున నుండెడివి. 1956లో తూనికలు, కొలతల ప్రమాణ చట్టము వచ్చిన పిమ్మట క్రమముగా కిలోగ్రాము, లీటరు దేశమంతటికి ఒక్కటైనవి. కిలోగుండును ఏ కర్మాగారము తయారుచేసినను బరువొక్కటే; అది సరియైనదో కాదో పరీక్షించుటకు మార్గమున్నది; ఏ ఒక్క వర్తకునకును దానిపై గుత్తాధికారము లేదు. కంప్యూటరు రంగమున ‘బహిరంగ ప్రమాణము’ అనునది ఇట్టిదే. ఫైలులో అక్షరములు, అంకెలు ఏ పద్ధతిని భద్రపరుపబడునో ఆ పద్ధతి అందరకును వెల్లడియై యుండవలెను. అపుడు ఏ కంపెనీ సాఫ్టువేరుతోనైనను ఆ ఫైలును తెరువవచ్చును.

ఈ వివాదము అమెరికాలో ముదిరినది. అచట మైక్రోసాఫ్టు కంపెనీ గుత్తాధికారమును దుర్వినియోగము చేయుచున్నదని 1998 మే నెలలో కేంద్ర ప్రభుత్వము, పలు రాష్ట్రములు దావా వేసినవి. కంపెనీని రెండుగా చీల్చవలెనని 2000లో క్రింది న్యాయస్థానము ఆజ్ఞాపించగా, 2001లో అప్పీలు న్యాయస్థానము ఆ ఆజ్ఞను రద్దుచేసినది. ఐనను గుత్తాధికారమును నిలుపుకొనుటకు కంపెనీ చట్టవిరుద్ధమైన పద్ధతుల నవలంబించినదను తీర్పును ప్రధానాంశములలో ఖాయపరచినది. ఐరోపా సంఘము 2004లో ఆ కంపెనీకే 49 కోట్ల 70 లక్షల యూరోల జరిమానా విధించి, ఇతర కంపెనీల సాఫ్టువేరుతో కలిసి పనిచేయుటకు కావలసిన వివరములను వెల్లడింపుమని ఉత్తరువు చేసినది. జరిమానా కంటె ఈ ఉత్తరువే ముఖ్యమైనది.

2005లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రము ఒక సాహసము చేసినది. 2007 జనవరి నుండి తమ కార్యాలయముల పత్రములను బహిరంగ ప్రమాణములలో, ముఖ్యముగా ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాటులో, భద్రపరుపవలెనని ప్రకటించినది. కంపెనీ వాదనలోను కొంత బలము లేకపోలేదు: కోట్లకొలది పాత ఫైళ్లు తమ పద్ధతిలోనే యున్నవి, ఉద్యోగులకు అదియే అలవాటు, మార్పునకు ఖర్చగును అని వారనిరి. కాని పాత ఫైళ్లు ఒక కంపెనీ పద్ధతిలో చిక్కుకొని యుండుటయే కదా అసలు చిక్కు! 2007లో ఆ రాష్ట్రము మైక్రోసాఫ్టువారి క్రొత్త ఫార్మాటును కూడ అంగీకరించినది.

ఆ క్రొత్త ఫార్మాటునకు అంతర్జాతీయ ప్రమాణముగా గుర్తింపు కోరినపుడు భారతదేశము కూడ రంగములోనికి వచ్చినది. ఆరువేల పుటలకు మించిన ఆ వివరణ పత్రమునకు 2007 సెప్టెంబరులో మన భారతీయ ప్రమాణముల సంస్థ వ్యతిరేకముగా వోటు వేసినది. ఆ దఫా అది నెగ్గలేదు. మార్పులు చేసి 2008లో తిరిగి తెచ్చినపుడు నెగ్గినది. భారత్, బ్రెజిల్, దక్షిణాఫ్రికా, వెనిజులా చేసిన అప్పీళ్లు త్రోసివేయబడినవి. ఓడినను ఆ పోరు వ్యర్థము కాలేదని మా అభిప్రాయము. 2009లో మైక్రోసాఫ్టు తన ఆఫీసు సాఫ్టువేరులోనే ఓపెన్ డాక్యుమెంట్ ఫైళ్లను తెరచు సౌకర్యమును చేర్చినది. 2010 నవంబరులో భారత ప్రభుత్వము ఈ-పరిపాలనకు బహిరంగ ప్రమాణముల విధానమును ప్రకటించినది. దాని ప్రకారము ప్రమాణ పత్రము ఉచితముగనో, నామమాత్రపు రుసుమునకో లభింపవలెను. దాని వాడుకకు రాయల్టీ ఉండరాదు.

తెలుగు లిపి విషయములో ఈ బాధను మన కార్యాలయములే అనుభవించినవి. పూర్వము తెలుగు ఫాంటులు చేసిన కంపెనీలు ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలపైననే తెలుగు ఆకృతులను, ఎవరికి తోచినట్లు వారు అమర్చినవి. తెరపై ‘తీర్మానము’ అని కనబడును. కంప్యూటరు లోపల నున్నవి ఇంగ్లీషు గుర్తులు. ఆ ఫాంటు లేని మరియొక కంప్యూటరులో తెరచినచో అర్థములేని అక్షరములు బారులు తీరును. ఒక రైతు పేరును వెదుకుటకును వీలుండదు. యూనికోడు వచ్చి ప్రతి తెలుగు అక్షరమునకు ప్రపంచమంతటికి ఒక్కటే సంఖ్యను నిర్ణయించినది: ‘అ’ 3077, ‘క’ 3093. చేతి ఫోనునందైనను, ఢిల్లీ కార్యాలయమునందైనను ఆ సంఖ్య మారదు.

కావున పంచాయతి ఏదేని సాఫ్టువేరును కొనునపుడు ధర అడిగినంత శ్రద్ధతో మరియొక ప్రశ్న అడుగవలెను: ‘వచ్చే యేడు మీతో ఒప్పందము ముగిసినచో మా లెక్కలను ఏ రూపమున తిరిగి ఇత్తురు?’ మొత్తము పట్టికను యూనికోడు తెలుగులో, ఏ సాఫ్టువేరుతోనైనను తెరువగల ఫైలుగా, అదనపు రుసుము లేక ఇత్తుమని ఒప్పందములో వ్రాయించుకొనవలెను. నోటిమాట చాలదు. లెక్కలు కంపెనీవారి దూరపు యంత్రములలో నుండునపుడు ఈ షరతు మరింత అవసరము. సమాచార హక్కు చట్టము (2005) 4వ సెక్షను ప్రకారము రికార్డులను సూచికలతో క్రమముగా నుంచు బాధ్యత కార్యాలయముదే గాని అమ్మినవానిది కాదు.

పాత ఫాంటులలో నున్న తీర్మానములను యూనికోడులోనికి మార్చు సాధనములున్నవి. మార్చిన పిదప ఒత్తులు, గుణింతములు, ముఖ్యముగా పేర్లు, అంకెలు కాగితపు ప్రతితో సరిచూడవలెను. పాత కంప్యూటరు పనిచేయుచుండగనే ఈ పని ముగించుట మేలు. అది మూలబడిన పిమ్మట ఆ ఫాంటును సంపాదించుటయే కష్టము కావచ్చును.